రెండు చిమ్నీల ఇల్లు: రెడింగ్‌లో ఒక పాత బ్యాక్ బాయిలర్ తీసిన కేసు

ఫోన్ చేసినప్పుడు ఆ అబ్బాయి అడిగింది ఒక్కటే. "అన్నా, హాల్లో పాత గ్యాస్ ఫైర్ ఉంది. దాని వెనకాల బాయిలర్ ఉందట. రెండూ పీకేసి కాంబీ పెట్టాలంటే ఎంతవుతుంది?"

కాంబీ అంటే రేడియేటర్లకీ, కుళాయిలకీ వేడినీళ్లు ఇచ్చే ఒకే బాయిలర్. జనవరి రెండో వారం. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో 1930ల నాటి సెమీ డిటాచ్డ్ (ఒక గోడ పక్కింటితో కలిసిన) ఇల్లు, కొని ఏడాదిన్నర. ఫోన్ పెట్టేసే ముందు మాటవరసకు ఇంకో ముక్క చెప్పాడు. "గుంటూరు నుంచి అమ్మా నాన్నా వచ్చారు. అమ్మకి ఈ చలి పడట్లేదు, రోజూ తలనొప్పి అంటోంది. కొంచెం తొందరగా వచ్చి చూస్తారా?"

ధర సంగతి పక్కన పెట్టాను. "అమ్మగారు పగలంతా ఏ గదిలో ఉంటారు?" అని అడిగాను. "హాల్లోనే అన్నా, ఆ ఫైర్ పక్కనే." "నేను వచ్చేదాకా ఫైర్ ఆపెయ్. బాయిలర్ కూడా ఆపెయ్. కిటికీలు తెరిచి పెట్టు, చలేసినా ఫర్వాలేదు" అని చెప్పి ఆ సాయంత్రమే వెళ్లాను.

బ్రిటన్‌లో గ్యాస్ పని చేసేవాళ్ల పేర్లు ఉండాల్సిన గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉన్న హీటింగ్ ఇంజనీర్ని నేను. రెడింగ్, స్లావ్, హౌన్‌స్లో చుట్టుపక్కల నాకు పని ఇచ్చేవాళ్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. పాత ఇళ్లు కొనుక్కుని, వంటగది మార్చుకుని, గోడలు తీసేసి, హీటింగ్ దగ్గరికి వచ్చేసరికి "అది పనిచేస్తోందిగా" అని వదిలేసినవాళ్లను చూస్తూనే ఉన్నాను. అందుకే ఈ కేసు మొదటినుంచి చివరిదాకా రాస్తున్నాను.

ఫైర్ వెనకాల ఏముంటుంది

దీన్నే బ్యాక్ బాయిలర్ అంటారు. బ్రిటన్‌లో 1960ల నుంచి 1980ల దాకా లక్షల ఇళ్లలో పెట్టిన ఏర్పాటు ఇది. బాక్సీ బెర్ముడా అనే పేరు చాలామంది వినే ఉంటారు. బొగ్గు మంట ఉండే ఫైర్‌ప్లేస్ గూట్లో ఒక బాయిలర్ దింపి, దాని ముందు గ్యాస్ ఫైర్ బిగిస్తారు. పైకి కనిపించేది ఎర్రగా వెలిగే ఫైర్ ఒక్కటే. రేడియేటర్లకీ, వేడినీళ్లకీ పనిచేసే అసలు యంత్రం దాని వీపు వెనక దాక్కుని ఉంటుంది. బర్నర్‌ను అంటించే చిన్న పైలట్ మంట ఏడాది పొడుగునా వెలుగుతూనే ఉంటుంది. పొగ, పాత ఇటుక చిమ్నీలో దింపిన లోహపు గొట్టం (లైనర్) గుండా పైకి పోతుంది.

మీ ఇంట్లో ఇదే ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. వంటింట్లో గానీ మరెక్కడా గానీ బాయిలర్ కనిపించదు. మేడ మీద అల్మారాలో రాగి ట్యాంకు ఉంటుంది. దాన్ని ఇక్కడ సిలిండర్ అంటారు. మనవాళ్లకు సిలిండర్ అంటే గ్యాస్ బండే కాబట్టి ఈ మాట దగ్గర ప్రతిసారీ కాస్త తికమక వస్తుంది. ఇది వేడినీళ్ల ట్యాంకు, అంతే. అటక మీద ఒక పెద్ద నీళ్ల తొట్టె, ఒక చిన్న తొట్టె ఉంటాయి. హాల్లో ఫైర్ అడుగున చిన్న మూత కిందికి తీస్తే బాయిలర్ నాబ్ కనిపిస్తుంది.

ఈ యంత్రం గురించి అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. మండటానికి కావలసిన గాలిని ఇది మీరు కూర్చున్న గదిలోంచే తీసుకుంటుంది. అందుకే ఆ గది బయటి గోడకు ఎప్పుడూ తెరిచి ఉండే ఒక వెంట్ పెడతారు. చూసేవాళ్లకు అది చలిగాలి వచ్చే కన్నం. నాకు మాత్రం బాయిలర్‌లో ఒక భాగం.

సోఫా వెనక టేపు

ఆ ఇంట్లో వెంట్ నాకు వెంటనే కనబడలేదు. సోఫా జరిపితే బయటపడింది. దినపత్రిక మడతలు పెట్టి కుక్కి, మీద అట్టముక్క ఆనించి, నాలుగు వైపులా గోధుమరంగు పార్సిల్ టేపు వేశారు. ఎంత నీటుగా వేశారంటే, మూలల్లో కూడా ఎక్కడా లేవలేదు.

"ఆ కన్నంలోంచి గాలి సూదుల్లా గుచ్చుతోంది బాబూ. అందుకే మీ అంకుల్ మూసేశారు" అన్నారు ఆ అమ్మగారు. ఆయన పక్కనే నిలబడి ఉన్నారు. తప్పు చేశానా అన్నట్టు నా మొహం చూశారు. నేను ఆయన్ని ఏమీ అనలేదు. చలికాలంలో ఇంట్లోకి గాలి వస్తుంటే మూయడం బాధ్యత ఉన్న మనిషి చేసే పనే. ఆ కన్నం ఎందుకుందో ఇల్లు అమ్మినవాళ్లు చెప్పలేదు. కొనేముందు సర్వే చేసినవాళ్లూ చెప్పలేదు.

ఫైర్ చుట్టూ గోడ మీద లేత నల్లటి మరక పాకి ఉంది. తెల్లగా ఉండాల్సిన సిరామిక్ ముక్కల మీద మసి. బర్నర్ కిందికి అద్దం పెట్టి చూస్తే కార్పెట్ నూగు దట్టంగా పేరుకుపోయి ఉంది. గాలి సరిగా అందక మంట పసుపురంగుకు తిరిగితే పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, వికారం, నీరసం వస్తాయి, జ్వరం మాత్రం రాదు. బయటికి వెళ్తే తగ్గుతుంది, ఇంటికి రాగానే మళ్లీ మొదలవుతుంది. "ఆదివారం గుడికెళ్లినప్పుడు బాగానే ఉంది బాబూ" అని ఆ అమ్మగారు అన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

అందరినీ మేడ మీదికి పంపి, కిటికీలు తెరిపించి, నేనొక్కణ్ణే హాల్లో ఉండి స్పిల్లేజ్ టెస్ట్ చేశాను, అంటే పొగ చిమ్నీలోకి పోతోందా, గదిలోకి వస్తోందా అని చూసే పరీక్ష. జేబుకు కార్బన్ మోనాక్సైడ్ అలారం తగిలించుకునే చేశాను. పొగ పుల్ల ఒకటి వెలిగించి ఫైర్ పైఅంచు దగ్గర పట్టుకోవాలి. చిమ్నీ లాగుతుంటే పొగ లోపలికి పోతుంది. తలుపులు, కిటికీలు మూసి, వెంట్ అలాగే టేపుతో ఉంచి, ఫైరూ బాయిలరూ ఐదు నిమిషాలు నడిపాక పుల్ల పట్టాను. పొగ ఒక్క క్షణం తటపటాయించి, మెల్లగా వంపు తిరిగి నా మొహం వైపు వచ్చింది.

టేపు పీకి, గదిలో పొగ పోనిచ్చి మళ్లీ చేశాను. ఈసారి పొగ శుభ్రంగా లోపలికి పోయింది. ఇక్కడితో ఆపేసి "వెంట్ మూయకండి, అంతా బాగుంది" అని చెప్పి వచ్చేసే ప్రమాదం ఉంది. కానీ ఆ ఇంట్లో వంటింటికీ హాలుకీ మధ్య గోడ లేదు. ఆరు నెలల కిందట తీసేశారు. పోపు ఘాటు బయటికి పోవాలని స్టవ్ మీద పెద్ద హుడ్ పెట్టించారు, గొట్టం నేరుగా బయటికి. మన ఇళ్లలో దాన్ని కూడా చిమ్నీ అనే అంటాం. అంటే ఒకే గదిలో రెండు చిమ్నీలు. ఒకటి ఇటుకలది, వేడి పొగ సహజంగా తేలిపోవడం మీద ఆధారపడ్డది. రెండోది మోటారుది. వంటింటి చిమ్నీని ఫుల్ స్పీడులో పెట్టి మూడోసారి పుల్ల పట్టాను. పది సెకన్లు పట్టలేదు, పొగ అంతా హాల్లోకే. మోటారు గదిలో గాలి లాగేస్తుంటే, ఆ లోటు తీర్చడానికి ఇటుక చిమ్నీలోంచి గాలి వెనక్కి దిగుతోంది, మంట పొగను వెంటబెట్టుకుని.

ఆ అమ్మగారు పొద్దున్నే లేచి, ఫైర్ వేసుకుని, చిమ్నీ ఆన్ చేసి వంట చేసేవారు. తర్వాత ఫైర్ పక్కన కూర్చునేవారు. వెంట్‌కు టేపు. ఇంతకంటే చెడ్డ కలయిక ఉండదు.

ఇలాంటి స్థితిని మా నియమాల్లో "తక్షణ ప్రమాదం" అంటారు. ఇంటివాళ్ల అనుమతితో గ్యాస్ విడదీసి, ఎర్ర లేబుల్ కట్టాను. అమ్మగారిని ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లమన్నాను. "తలనొప్పి అని మొదలుపెట్టకండి, ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అని ముందు చెప్పండి. స్వచ్ఛమైన గాలి పీల్చేకొద్దీ రక్తంలో అది తగ్గిపోతుంది, ఆలస్యం చేస్తే పరీక్షలో దొరకదు" అన్నాను. పరీక్షలో తేలింది. కొన్ని గంటలు ఆక్సిజన్ పెట్టి, నలుగురినీ చూసి, తెల్లవారుజామున పంపించారు.

ఇంట్లో అలారం ఉండీ లాభం లేకపోయింది. పాత ఓనర్ వదిలేసిన అలారం మేడ మెట్ల దగ్గర ఉంది, దాని మీద వేసిన గడువు తేదీ ఎప్పుడో దాటిపోయింది. మన దగ్గర గ్యాస్ గీజర్ పెట్టిన బాత్రూంలో తలుపేసుకుని స్నానం చేస్తూ పోయినవాళ్ల వార్తలు మనందరం చదివాం. ఇదీ అదే చావు, కొంచెం నెమ్మదిగా వచ్చేది. ఇంగ్లండ్‌లో అలాంటి అనుమానం వస్తే 0800 111 999కి ఫోన్ చేయాలి. రాత్రీ పగలూ పలుకుతారు.

ఏది పెట్టాలి

బాయిలర్ ఆపేశాం కాబట్టి నాలుగు రోజులు ఆ ఇంటికి హీటింగ్ లేదు. వేడినీళ్లకు రాగి ట్యాంకులోని ఇమ్మర్షన్ హీటర్ ఆదుకుంది. గదులకు కరెంటు ఆయిల్ రేడియేటర్లు రెండు తెచ్చిపెట్టాను.

బయటి గాలిలోని వేడిని కరెంటుతో ఇంట్లోకి తెచ్చే హీట్ పంప్ గురించి కూడా మాట్లాడుకున్నాం. ఇంగ్లండ్, వేల్స్‌లో 2023 అక్టోబరు నుంచి ప్రభుత్వం 7,500 పౌండ్ల గ్రాంటు ఇస్తోంది. రాగి ట్యాంకు ఉన్న అల్మారా అప్పటికే ఉంది, చోటుకు ఇబ్బంది లేదు. కానీ ఆ ఇంటి రేడియేటర్లు చాలావరకు మార్చాలి, సర్వే, డిజైన్, దరఖాస్తు అంటే వారాలు పడుతుంది. పెద్దవాళ్లు చలిలో ఉన్నారు. ఎండాకాలంలో తీరిగ్గా ఆలోచించే పరిస్థితి అయితే నేను హీట్ పంప్ వైపే మొగ్గేవాణ్ణి. జనవరిలో, ఆ ఇంట్లో, గ్యాస్ కాంబీకే ఒప్పుకున్నాను.

కాంబీ అంటే ఇన్‌స్టంట్ గీజర్ లాంటిది, నిల్వ ఉండదు. కాబట్టి వీధి పైపులోంచి ఎంత నీరు వస్తుందో ముందు కొలవాలి. వంటింటి కుళాయి దగ్గర నిమిషానికి 14 లీటర్లు వచ్చింది. 30 కిలోవాట్ల కాంబీ, నీటిని 35 డిగ్రీలు పెంచితే, నిమిషానికి 12 లీటర్లు ఇస్తుంది. ఇంకా పెద్దది కొన్నా పైపు ఇవ్వని నీళ్లను బాయిలర్ ఇవ్వలేదు. వాళ్లు అడిగింది బకెట్ లెక్క. 20 లీటర్ల బకెట్ నిమిషం నలభై సెకన్లలో నిండుతుంది. పైన షవర్ నడుస్తుంటే మాత్రం రెట్టింపు టైం. దానికి సరేనన్నారు.

30 కిలోవాట్లు వేడినీళ్ల కోసం. ఆ ఇంటిని వేడి చేయడానికి నా లెక్కలో 8 చాలు. అందుకని హీటింగ్ వైపు పవర్ తగ్గించి సెట్ చేశాను. చాలామంది ఇన్‌స్టాలర్లు ఈ పని చేయరు, బాయిలర్ రోజంతా వెలుగుతూ ఆరుతూ ఉంటుంది.

మూడు రోజుల పని

ఉన్న కాంబీ తీసి కాంబీ పెట్టడం ఒక రోజు పని. బ్యాక్ బాయిలర్ అలా కాదు. హాలు, వంటిల్లు, మేడ మీద అల్మారా, అటక, నాలుగు చోట్లా పని ఉంటుంది. రెండు రోజులకు తక్కువ చెప్పేవాళ్లు ఏదో ఒకటి వదిలేసి వెళ్తారనే నా అనుభవం.

విప్పే ముందు ఆస్‌బెస్టాస్ సంగతి చూసుకోవాలి, పీలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే నార అది. బ్రిటన్‌లో దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. అంతకు ముందువాటిలో తాడు సీళ్లు, పలకలు, పొగగొట్టాలు దేనిలోనైనా ఉండొచ్చు. ఇక్కడ ఫైర్ వెనక ఒక సీలు అనుమానంగా కనిపించింది, నమూనా పరీక్షకు పంపి, లేదని వచ్చాకే ముట్టుకున్నాను.

గూట్లోంచి బాయిలర్ బయటికి తీస్తే దాని వెనక తట్టెడు మసి, ఇటుక పెళ్లలు, ఎండిన ఈకలు. దాన్ని పూర్తిగా బయటికి తీయాలి. కొందరు పైపులు కోసి, కొనలు మూసి, ముందు పలక కొట్టి వెళ్లిపోతారు. పాత బొగ్గు బ్యాక్ బాయిలర్లను అలా నీళ్లతో మూసి వదిలేస్తే, తర్వాత ఎవరో ఆ గూట్లో మంట వేసినప్పుడు లోపల ఆవిరి ఒత్తిడికి పేలిన సందర్భాలున్నాయి.

కొత్త బాయిలర్‌ను వంటింట్లో బయటి గోడకు, సింకు పక్కన పెట్టాను. అక్కడే ఎందుకంటే కండెన్సేట్ నీరు. కొత్త బాయిలర్లు పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకుంటాయి. ఆ నీరు ఎటో పోవాలి. సన్నటి పైపు బయటికి తీస్తే చలికి గడ్డకడుతుంది. 2010 డిసెంబరులో దేశమంతా అలాగే వేలకొద్దీ బాయిలర్లు ఆగిపోయాయి. ఇక్కడ లోపలే సింకు డ్రెయిన్‌లో కలిపేశాను. ఇక వంటింటి చిమ్నీ భయం లేదు. కాంబీ గదిలో గాలి వాడదు. ఒకే గొట్టంలో బయటి పొరలోంచి గాలి తెచ్చుకుని, లోపలి పొరలోంచి పొగ పంపిస్తుంది.

గ్యాస్ పైపు మార్చక తప్పలేదు. పాతది సన్నది, మీటర్ నుంచి దూరం ఎక్కువ. మీటర్ నుంచి బాయిలర్‌కు చేరేలోపు 1 మిల్లీబార్ కంటే ఎక్కువ ఒత్తిడి పడిపోకూడదు. 22 మిల్లీమీటర్ల పైపు కొత్తగా వేశాను.

చాలామంది మరిచిపోయేది హాల్లో రేడియేటర్. గ్యాస్ ఫైర్ ఉంది కదా అని ఆ కాలంలో హాల్లో రేడియేటర్ పెట్టేవాళ్లు కాదు, పెట్టినా చిన్నది. ఈ ఇంట్లో అసలు లేనేలేదు. ఫైర్ పీకేసి రేడియేటర్ పెట్టకపోతే ఇంట్లో అందరూ కూర్చునే గదే అన్నిటికంటే చల్లగా మిగులుతుంది. తక్కువ ఉష్ణోగ్రత నీళ్లతో నడపాలన్నది నా ఉద్దేశం కాబట్టి లెక్కకు వచ్చినదాని కంటే ఒక సైజు పెద్దది పెట్టాను.

రాత్రికి రాత్రి పడిపోయిన ప్రెషర్

రెండో రోజు సాయంత్రం సిస్టమ్ నింపి 1.3 బార్ పెట్టి వెళ్లాను. పొద్దున వచ్చేసరికి 0.5. బాయిలర్ చుట్టూ తడి లేదు. రేడియేటర్లన్నీ టిష్యూ పేపర్ పెట్టి ఒక్కొక్కటీ తుడిచి చూశాను, పొడిగా ఉన్నాయి. చివరికి హాల్లో కార్పెట్ ఎత్తి, చెక్క పలకలు రెండు లేపితే దొరికింది. పాత పైపు జాయింట్ ఒకటి, దాని చుట్టూ పచ్చటి చిలుము, కింద మట్టిలో గుప్పెడంత తడి. ఆ చిలుము ఒక్క రాత్రిలో పుట్టింది కాదు, ఏళ్ల నాటిది.

మరి ఇన్నేళ్లూ ఎవరికీ ఎందుకు తెలియలేదు? అటక మీది చిన్న తొట్టె వల్ల. సిస్టమ్‌లో నీరు తగ్గినప్పుడల్లా ఆ తొట్టె చడీచప్పుడు లేకుండా నింపుతూ వచ్చింది. కొత్త నీటితో పాటు ఆక్సిజన్ వెళ్లింది, ఆక్సిజన్ రేడియేటర్ల ఇనుమును తినేసింది. సిస్టమ్ ఫ్లష్ చేసినప్పుడు బయటికి వచ్చిన నీరు కాటుక కలిపినట్టు ఎందుకుందో అప్పుడు అర్థమైంది. బకెట్ బయట అయస్కాంతం పెడితే ఆ నలుపంతా అటువైపే జరిగింది. కొత్త సిస్టమ్‌లో తొట్టె లేదు, దాచే అవకాశమే లేదు. ప్రెషర్ సూది అబద్ధం చెప్పదు.

జాయింట్ మార్చి, నీళ్లు స్పష్టంగా వచ్చేదాకా ఫ్లష్ చేసి, తుప్పు పట్టకుండా మందు కలిపి, రేడియేటర్ల నుంచి నీరు తిరిగివచ్చే రిటర్న్ పైపు మీద అయస్కాంతపు ఫిల్టర్ పెట్టాను. రెడింగ్ నీళ్లు కఠినజలం, కెటిల్లో తెల్ల పొరలు కట్టే రకం. అందుకని బాయిలర్‌లోకి వెళ్లే చన్నీటి పైపుకు సున్నం పట్టకుండా చేసే పరికరం కూడా బిగించాను. దాన్ని తగ్గించుకుందామని అబ్బాయి అన్నాడు, నేను ఒప్పుకోలేదు. తీసేసిన రాగి ట్యాంకు అడుగు చూపించాను. గుల్ల సున్నం రెండంగుళాల మందాన పేరుకుని ఉంది. మళ్లీ మాట్లాడలేదు.

అప్పగింత

బాయిలర్ నుంచి వెళ్లే నీటిని 55 డిగ్రీలకు పెట్టాను. తిరిగివచ్చే నీరు 55 కంటే తక్కువుంటేనే ఈ బాయిలర్ ఆవిరిని నీరుగా మార్చగలదు. ఫ్యాక్టరీ సెట్టింగ్‌లో అలా వదిలేస్తే పెట్టెమీద రాసిన సామర్థ్యం కాగితం మీదే ఉంటుంది. మరీ గడ్డకట్టే రోజుల్లో చాలకపోతే ఐదు డిగ్రీలు పెంచుకోమని, ఎక్కడ పెంచాలో అబ్బాయితోనే చేయించి చూశాను.

పని పూర్తయిన 30 రోజుల్లోపు నేను గ్యాస్ సేఫ్‌కు తెలపాలి, అప్పుడు బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ ఇంటివాళ్లకు వస్తుంది. ఇల్లు అమ్మేటప్పుడు లాయరు మొదట అడిగే కాగితాల్లో అదొకటి. బాయిలర్ ఉన్న గదిలో కొత్త అలారం పెట్టాను, ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు నుంచి కొత్త బాయిలర్‌తో పాటు అది తప్పనిసరి. అమ్మగారు పడుకునే గదిలో మరొకటి పెట్టాను, అది ఏ రూలూ అడగలేదు.

ఖాళీ అయిన ఫైర్‌ప్లేస్ గూడు దేవుడికి ఇవ్వాలని అమ్మగారి కోరిక. తప్పకుండా అన్నాను. చిమ్నీ పైన వాన పడకుండా, గాలి ఆడేలా టోపీ వేయించాను. గూట్లో పైభాగం మూసిన పలకకు ఒక చిన్న జాలీ పెట్టి, "అమ్మా, దీన్ని మాత్రం మూయొద్దు. మూస్తే లోపల చెమ్మపట్టి గోడ పాడవుతుంది" అన్నాను.

పెద్దాయన అంతసేపూ సోఫా వెనకాల నిలబడి టేపు ఊడదీసిన వెంట్ వైపు చూస్తున్నారు. "ఇది కూడా అలాగే ఉంచాలా బాబూ?" అని అడిగారు. అక్కర్లేదన్నాను. ఇప్పుడు ఈ గదిలో గాలి తీసుకునే ఫైర్ లేదు. కారులోంచి రెండు ఇటుకలు, కొంచెం సిమెంటు తెచ్చాను. ఆయన టార్చ్ పట్టుకున్నారు, నేను మూసేశాను.